దొడ్డమ్మ తవ్విన పాతర

మా ఊళ్లో నేల తవ్వి ఏదీ దాచుకోరు. కాలువలు పారే రోజుల్లో పెరట్లో గుంజ పాతడానికి గొయ్యి తీస్తే మోకాలి లోతుకే నీళ్లు ఊరతాయి. అందుకని దాచుకునేదంతా నేలకి పైనే. ధాన్యం గడ్డితో పేనిన వెంటి చుట్టిన పురిలో, బెల్లం, చింతపండు అటక మీద, ఊరగాయ జాడీలు కొట్టుగదిలో చెక్కబల్లల మీద. ఇక్కడ పుట్టినవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడ పుట్టనివాళ్ళకి ఎవరో ఒకరు చెప్పాలి. మా ఇంట్లో ఒకావిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పనివాళ్ళలో నేనూ ఒకణ్ణి.

తొంభైల మొదట్లో మా వీధిలో ఒకరిని చూసి ఒకరు పెంకుటిళ్లు పడగొట్టి డాబాలు వేశారు. మేమూ వేశాం. ఉత్తరం పక్కనున్న కొట్టుగదిని మాత్రం నాన్న పడగొట్టనివ్వలేదు. మూరెడు మందం మట్టిగోడలు, తాటిదూలాలు, దూలాల మీద పలకలు పరిచి మట్టి మెత్తిన అటక, ఆపైన గూనపెంకు. చుట్టూ చూరు మనిషి భుజం దాకా వంగి ఉండేది. రోహిణీ కార్తెలో కూడా ఆ గదిలో అడుగుపెడితే పాదాలకి చల్లగా తగిలేది. మేం దాన్ని చల్లగది అనేవాళ్ళం. వచ్చినవాళ్ళకి చూపించుకోవడానికి డాబా, ఏడాది తిండి నిలవుంచుకోవడానికి చల్లగది. రెండేళ్లు అలాగే గడిచింది.

మూడో ఏడు వేసవి మొదట్లో పెదనాన్న పోయాడు. ఆయన ఉద్యోగమంతా పట్టిసీమకి ఎగువన మెట్ట ఊళ్లలో, పంచాయతీ గుమాస్తాగా గడిచింది. దొడ్డమ్మ పుట్టిల్లూ ఆ వైపే. పిల్లల్లేరు. పెళ్లిళ్లకీ పేరంటాలకీ చుట్టంచూపుగా రావడమే తప్ప మా ఇంట్లో ఆవిడ వారం రోజులు వరసగా ఉన్నది లేదు. నెల మాసికం వెళ్ళాక నాన్న వెళ్లి ఆవిణ్ణి తీసుకొచ్చాడు. మినీ లారీలో ఒక ట్రంకుపెట్టె, మడత మంచం, ఇత్తడి సామాను, వాటి వెనక గోనెబస్తాలు దిగాయి. ఐదు బస్తాల ధాన్యం, బస్తాన్నర కందులు, ఒక బస్తా పెసలు, పెద్ద డబ్బాతో బియ్యం. పసుపుకుంకుమల కింద వాళ్ళ నాన్న ఇచ్చిన రెండెకరాలు తమ్ముళ్ళు చేస్తూ, పండిన దాంట్లో ఆవిడ భాగం పంపుతారు.

"స్థలంలో సగం అన్నయ్యది వదినా. చల్లగది మీరు తీసుకోండి. మీ గదే అనుకోండి," అన్నాడు నాన్న.

అమ్మ తలుపు పక్కన నిలబడి విన్నది. ఆ మర్నాడే గది ఖాళీ చేయించింది. బియ్యం బస్తాలు నా గదిలోకి, జాడీలు మంచాల కిందకి, బెల్లం, చింతపండు వంటింట్లో స్లాబు కిందున్న సిమెంటు అటక మీదకి చేరాయి.

దొడ్డమ్మ వరండా మూల వేరే పొయ్యి పెట్టుకుంది. అమ్మ పిలిచినా మా పొయ్యి దగ్గరికి రాలేదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ, అడిగినా అడక్కపోయినా, "నా గింజలు నేను వండుకుంటున్నానండి," అని చెప్పేది. టిక్కెట్టు ఉన్నా ఎవరైనా అడుగుతారేమోనని చేతిలో పట్టుకుని కూర్చునే రైలు ప్రయాణికురాలిలా ఉండేది ఆ మాట చెప్పేటప్పుడు.

నేను డిగ్రీ అయిపోయి, ఒక దినపత్రికకి మా మండలం వార్తలు రాయడం అప్పుడే మొదలెట్టాను. పొద్దున్నే పేపరు రాగానే నా వార్త పడిందో లేదో చూసుకునేవాణ్ణి. దొడ్డమ్మకి చదువు రాదు. పెదనాన్న ఉన్నన్నాళ్ళు రోజూ ఆవిడకి పేపరు చదివి వినిపించేవాడట. "ఒరేయ్ నాయనా, ఓ నాలుగు ముక్కలు చదివి పెట్టవా," అని అడిగింది వచ్చిన రెండో రోజే. కాఫీ తాగుతూ చదివేవాణ్ణి. జిల్లా పేజీ ముందు చదవమనేది. నేను రాసింది వస్తే, "ఇది నువ్వే రాశావా? ఏదీ, మళ్ళీ చదువు," అనేది. ఇంట్లో ఆ మాట అన్నది ఆవిడొక్కతే.

మే నెల మధ్యకొచ్చేసరికి డాబా సంగతి తెలిసింది. ఒకరోజు మధ్యాహ్నం అమ్మ వంటింట్లోంచి కేకేసింది. వెళ్లి చూస్తే సిమెంటు అటక మీంచి గోడ వెంట బెల్లం పాకం నాలుగు చారలుగా కారుతోంది. కింద చీమల బారు. మంచాల కింద జాడీల్లో ఆవకాయ నూనె పొంగి మూతికి కట్టిన వాసెనగుడ్డ తడిసి నేల మీద మడుగు కట్టింది. చింతపండు నల్లబడి కంపు కొడుతోంది. నా గదిలో బియ్యం బస్తాల్లోంచి ముక్కపురుగు బయలుదేరి పక్క మీదకి పాకేది. నా చొక్కా జేబుల్లో, రాసుకునే కాగితాల మధ్య కూడా పురుగులే. ఏడాదికి సరిపడా సరుకు కాచి, ఎండబెట్టి, ఏరి, చెరిగి దాచడం ఎంత చాకిరీయో నేను చూసినవాణ్ణి. అమ్మకి ఆ రోజు కన్నీళ్ళొచ్చాయి. అప్పటికి అవి నిజమైన కన్నీళ్ళే.

కళ్ళు తుడుచుకుని అమ్మ చల్లగది వైపు చూసింది. గుమ్మంలో దొడ్డమ్మ నిలబడి ఉంది.

"వస్తువులు ఉడికిపోతున్నాయి. మనిషి చల్లగా పడుకుంటోంది," అంది అమ్మ, నాతో అన్నట్టుగా.

ఆ మాట ఆ వారంలో చాలాసార్లు వచ్చింది. ఎప్పుడూ దొడ్డమ్మతో కాదు. నాతో, పాలమనిషితో, బియ్యంలో పురుగుతో. "నీకేం హాయిగా ఉన్నావే, నీకూ ఒక గది ఇస్తారులే," అని చేటలోని పురుగుని ఉద్దేశించి అనడం నేను విన్నాను. అమ్మ గొంతు పెంచే మనిషి కాదు. వినపడాల్సినంత దూరం మాత్రం వినపడేది.

చివరికి దొడ్డమ్మే వచ్చింది. భోజనాలయ్యాక నాన్న వరండాలో చాప మీద ఒరిగి ఉన్నాడు. అమ్మ తమలపాకులు తుడుస్తోంది.

"గది అడక్కే చెల్లీ. ఆయన వాటాలో నాకంటూ మిగిలింది అదొక్కటే. నీ సరుకుకి చోటు నేను చేసిస్తాను," అంది.

"ఎక్కడ చేస్తారక్కా? ఆకాశంలోనా?"

"నేలలో. మా వైపు పాతర్లు తవ్వుకుంటాం. నిలువెత్తు గొయ్యి, పైన సన్నటి మూతి, లోపల కుండలాగా పొట్ట. గింజలు పోసి మూత మెత్తేస్తే రెండేళ్ళైనా ఒక్క పురుగు పట్టదు. ఎండే తగలదు కదా. అందులోనే ఓ పక్కకి మెట్లు తీస్తే జాడీలూ పెట్టుకోవచ్చు."

నాన్న చాప మీంచి లేచి కూర్చున్నాడు. "వదినా, ఈ నేల..." అన్నాడు.

"మీరుండండి," అంది అమ్మ. తమలపాకు ఈనె తీస్తున్న చెయ్యి ఆగింది. అమ్మకి ఆ క్షణంలోనే అంతా తట్టిందని నాకు తెలిసింది. "మా ఇద్దరి మధ్య మాట ఇది. చెప్పండక్కా. పాతర పనిచేస్తే మీ గది ఊసెత్తను, మీరున్నంత కాలం. పని చెయ్యకపోతే?"

"పని చెయ్యకపోవడమేంటే. చెయ్యకపోతే గది నీదే."

"మాట?"

"మాటే."

దొడ్డమ్మ తెలివితక్కువ మనిషి కాదు. తవ్వించే ముందు పెరట్లో బావి దగ్గరికెళ్లి చేద వేసి చూసింది. తాడు మూడు బారలు దిగితే గానీ నీళ్లు అందలేదు. పాతర బారన్నర లోతు. కింద ఇంకో బారన్నర పొడినేల ఉందని లెక్క వేసుకుంది. పెరటి వెనక పంటకాలువ ఎండిపోయి నెర్రెలిచ్చి ఉంది. అందులో పిల్లలు క్రికెట్టు ఆడుతున్నారు. మెట్టలో వాగులు అలాగే ఎండుతాయి, వానలకి నిండుతాయి. అందుకని ఆవిడ అడగవలసింది అడిగింది.

"వానాకాలం ఈ బావిలో నీళ్లు ఎందాకా వస్తాయే?"

"వానలకా? వానలకి మా బావి పెద్దగా పెరగదక్కా," అంది అమ్మ.

అందులో అబద్ధం లేదు. మా బావి వానలకి పెరగదు, కాలువలకి పెరుగుతుంది. వేసవిలో మరమ్మతులకని ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర కాలువల తలుపులు దించి నీళ్లు ఆపేస్తారు. జూన్‌లో మళ్ళీ వదులుతారు. వదిలిన పది పదిహేను రోజులకి ఊళ్లో బావులన్నీ చేత్తో ముంచుకునేంత పైకొస్తాయి. దొడ్డమ్మ మా ఇంటికొచ్చేసరికి కాలువలు కట్టేసి ఉన్నాయి. పారే కాలువ పక్కన ఉన్న మా పెరడు ఎలా ఉంటుందో ఆవిడ చూడలేదు. మెట్టలో పుట్టి పెరిగిన మనిషికి నీళ్ళంటే వానే. కాలువ సంగతి అడగాలని ఆవిడకి తట్టలేదు.

నేను అక్కడే ఉన్నాను. అరుగు మీద కూర్చుని చొక్కా కాలరులోంచి ముక్కపురుగు తీసి పడేస్తున్నాను.

తవ్వడానికి కడియం నర్సరీల్లో గోతులు తీసే మనిషిని పిలిపించారు. నడివయసు మనిషి, పనితనం ఉన్నవాడు. మొదటిరోజు నడుం లోతు తీశాడు. రెండో రోజు మధ్యాహ్నానికి గునపానికి అంటిన మట్టి చేత్తో నలిపి, వాసన చూసి, పైకి చూశాడు.

"చెమ్మ తగుల్తుందండి అమ్మగారూ. ఇప్పుడంటే పర్లేదు గానీ రేపు..."

"రేపటి సంగతి నీకెందుకయ్యా?" అంది అమ్మ. "నిన్ను పిలిచింది తవ్వడానికి. పంచాంగం చెప్పడానికి కాదు."

"ఆయ్," అన్నాడతను. మళ్ళీ గోతిలోకి వంగాడు. ఆ తర్వాత పని అయ్యేదాకా దొడ్డమ్మ మొహంలోకి చూడలేదు.

"చెమ్మ అయితే ఏముంది, కాల్చి ఆరబెట్టుకుంటాం," అంది దొడ్డమ్మ. అన్నట్టే చేసింది. గోతి నిండా వరిగడ్డి వేసి మూడుసార్లు మంటపెట్టింది. గోడలు ఎర్రబడి కుండపెంకులా గట్టిపడ్డాయి. పేడా బంకమట్టీ కలిపి తనే లోపలికి దిగి మెత్తింది. మెత్తి, ఆరాక మళ్ళీ మెత్తింది. గడ్డివెంటి పేని పాము చుట్టలా అడుగు నుంచి మూతి దాకా చుట్టింది. వేపాకు పరిచింది. అరవై దగ్గరపడుతున్న మనిషి. ఆ పది రోజులూ ఆవిడ మొహంలో ఒక వెలుగు ఉండేది. పెదనాన్న పోయాక ఆవిడ నవ్వడం నేను చూసింది అప్పుడే.

చుట్టుపక్కల వాళ్ళు చూడ్డానికి వచ్చేవాళ్ళు. ఊరంతటికీ తెలుసు, ఆవిడకి తప్ప.

"ఏంటండీ, లంకెబిందెలేమైనా తగిలాయా?" అనేవాడు ఎదురింటాయన.

"తగిల్తే మీకు కబురు చెయ్యనా అన్నయ్యగారూ," అనేది దొడ్డమ్మ నవ్వుతూ.

"బావి పక్కన ఇంకో బావి ఎందుకండీ? చేపలు పెంచుతారా ఏంటి?" అంది వెనకింటావిడ. అందరూ పడీపడీ నవ్వారు. దొడ్డమ్మ కూడా నవ్వింది. మెట్ట పద్ధతి చూసి వింతపడుతున్నారని అనుకుంది. గోతిలో నిలబడి, మట్టి చేతులతో, తలెత్తి, మాతో పాటు నవ్వుతున్న ఆ మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. నేనూ నవ్వాను.

పాతర సిద్ధమయ్యాక దొడ్డమ్మ అమ్మ దగ్గరికొచ్చింది. "మీ బియ్యం, పప్పులు తీసుకురామ్మా. పోసేద్దాం."

"ముందు మీవి పోయండక్కా," అంది అమ్మ. "మా సరుకు తర్వాత చూద్దాం. మీ గింజలు నిలిస్తే మావీ నిలుస్తాయి."

"అదీ నిజమే," అంది దొడ్డమ్మ. ఐదు బస్తాల ధాన్యం అడుగున పోసి, పైన గడ్డి పరిచి, మూటకట్టిన కందులూ పెసలూ పెట్టింది. రెండు నెలలకి సరిపడా బియ్యం మాత్రం డబ్బాలో ఉంచుకుంది. మూతి మీద నాపరాయి పెట్టి మట్టి మెత్తి, పసుపు రాసి బొట్టు పెట్టింది. నాన్న ఆ రోజు పొద్దున్నే చేలోకి వెళ్లి, చీకటి పడ్డాక వచ్చాడు.

జూన్ మొదట్లో కాలువలకి నీళ్లు వదిలే తేదీ ఖాయమైంది. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసుకి వెళ్లి ఆ సంగతి కనుక్కున్నది నేనే. మా మండలంలో ఏ చివరి ఊరికి ఎన్నాళ్ళకి నీరు చేరుతుందో కూడా రాశాను. మర్నాడు జిల్లా పేజీలో పైనే వచ్చింది, రెండు కాలాల్లో. నేను రాసిన వాటిలో అంత పెద్దగా వచ్చిన మొదటి వార్త అదే.

దొడ్డమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి కింద కూర్చుంది. నేను పేపరు తెరిచాను. బస్సు బోల్తా పడిన వార్త చదివాను. కొబ్బరి ధర చదివాను. ఎవరిదో సన్మానం చదివాను. ఎండదెబ్బకి పోయినవాళ్ళ వార్త చదివాను.

"నీది ఏదీ రాలేదా ఇవాళ?"

"రాలేదు దొడ్డమ్మా."

"ఇంకేం లేవా?"

"ఇంకేం లేవు. సినిమాలు."

ఎందుకు చదవలేదంటే, కారణం చెప్పగలను. అమ్మకి భయపడ్డాను అనొచ్చు, అది కొంత నిజం. కానీ అసలు కారణం నా గదిలో ఉన్న పదకొండు బియ్యం బస్తాలు. అవి చల్లగదిలోకి వెళ్తే నా గది నాకు వస్తుంది, బల్ల వేసుకుని రాసుకోవచ్చు. అంతకి మించి లోతైనది ఏమీ లేదు. ఆ రోజు తెల్లవారగానే చెప్పినా చాలేది. నీళ్లు మా ఊరు చేరడానికి ఇంకా వారం ఉంది. ఇద్దరు మనుషులు ఒక పూట పనిచేస్తే గింజలన్నీ పైకొచ్చేవి.

వారానికి పంటకాలువలోకి నీళ్ళొచ్చాయి. ముందు నురగ, చెత్త, వెనక ఎర్రటి నీళ్లు. దొడ్డమ్మ పెరటి గోడ దగ్గర నిలబడి చూసింది.

"ఎక్కడో పెద్ద వానే పడ్డట్టుంది కదరా," అంది.

"పడే ఉంటుంది," అన్నాను.

ఇంకో నాలుగైదు రోజులకి చేద రెండు బారలకే అందిందని, ఆ తర్వాత బారకే అందిందని తనలో తను అనుకుంటుంటే విన్నాను. వెళ్లి పాతర మూత తడిమి చూసి వచ్చేది. పైన నేల పొడిగానే ఉండేది. అప్పుడొక రోజు పొద్దున కాలువ లస్కరు వచ్చాడు. తూములు తీయడం, గుర్రపుడెక్క తీయించడం అతని పని. వచ్చినప్పుడల్లా మా ఇంట్లో మజ్జిగ తాగి వెళ్ళేవాడు. ఆ రోజు మజ్జిగ దొడ్డమ్మే ఇచ్చింది.

"వానల్లేకుండా ఈ నీళ్ళేంటయ్యా? ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?" అని అడిగింది.

లస్కరు నవ్వాడు. "వానలతో పనేంటండీ పెద్దమ్మగారూ. ధవళేశ్వరంలో తలుపులెత్తారు కదండీ. మళ్ళీ వేసవిదాకా ఇవి ఆగవండి. తేదీతో సహా పేపర్లో పడింది కదండీ. మన బాబుగారే రాశారు." నా వైపు చూసి, "బాగా రాశారండి, మా ఏఈ గారు కూడా మెచ్చుకున్నారు," అన్నాడు.

దొడ్డమ్మ నా వైపు చూసింది. ఒక్క క్షణమే. గ్లాసు కూడా తీసుకోకుండా పెరట్లోకి నడిచింది. నేను వెనక వెళ్లాను. అమ్మ వంటింటి కిటికీ దగ్గరికొచ్చింది.

మట్టి గీకి నాపరాయి జరిపాం. వేడి ఆవిరి మొహానికి కొట్టింది. పులిసిన కుడితి వాసన. నేను వంగబోతే దొడ్డమ్మ నా జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది.

"ఎవరూ దిగొద్దు! గాలి చెడిపోయి ఉంటుంది. చచ్చిపోతారు."

లాంతరు వెలిగించి తాడు కట్టి లోపలికి దింపింది. గజం దిగీ దిగకుండానే దీపం ఆరిపోయింది. మళ్ళీ దింపింది, మళ్ళీ ఆరింది. పాతరలో మనుషులు ఎలా పోతారో చిన్నప్పుడే చూసిన మనిషి. మూతి తెరిచి పెట్టి, దీపం నిలిచేదాకా ఆగాలంది. మధ్యాహ్నం దాకా ఆ గట్టు మీదే కూర్చుంది. లోపల నీళ్లు ఊరుతున్న చప్పుడు, గింజలు ఉబ్బి గడ్డివెంటి తెగుతున్న చప్పుడు పైకి వినపడుతున్నాయి. తన ఏడాది తిండి నానిపోతుంటే, మాలో ఒక్కరికి కూడా ఏమీ కాకూడదని కాపలా కూర్చుంది.

దీపం నిలిచాక తోడించాం. బుట్టలతో పైకి తీసిన ధాన్యం మొలకలెత్తి ముద్దలుగా వచ్చింది, చెయ్యి పెడితే కాలుతోంది. పెసలకి తెల్లటి తోకలొచ్చాయి. కందుల మూట పిగిలిపోయింది. పది బుట్టలు తీసేసరికి, తీసిన జాగాలోకి నీళ్లు నిండాయి. మిగిలింది తీయలేకపోయాం.

దొడ్డమ్మ ఒక బుట్ట నెత్తిన పెట్టుకుని డాబా మెట్ల వైపు వెళ్ళింది.

"మేడ మీద పోయకండక్కా," అంది అమ్మ కిటికీలోంచి. "ఆ పులుపుకి స్లాబు పాడవుద్ది."

దొడ్డమ్మ మెట్టు మీద ఆగింది. వెనక్కి దిగి, వీధిలో రోడ్డు వారన పరిచింది. సాయంత్రానికి ఊరంతా ఆ వాసన. మర్నాడు బాతులవాళ్ళు మందని తోలుకుపోతూ ఆగి, అమ్మగారూ మేపుకోమంటారా అని అడిగారు. మేపుకోమంది దొడ్డమ్మ. మూడొందల బాతులో ఎన్నో, గంటలో రోడ్డు శుభ్రం చేసి పోయాయి.

ఆ రోజే, ఎవరూ అడక్కముందే, దొడ్డమ్మ తన ట్రంకుపెట్టె చల్లగదిలోంచి బయటికి లాగింది. నాన్న అడ్డం వెళ్ళాడు. "వదినా, ఏంటిది? ఎవరన్నారు మిమ్మల్ని?"

"మాట అనుకున్నాం మరిదిగారూ," అంది.

"ఆ మాటలకేం..."

"పోనీండి, మేడ మెట్ల కింద చోటుంది కదా," అంది అమ్మ. "గాలి కూడా తగులుద్ది."

మెట్ల కింద విరిగిన కుర్చీలు, పాత సైకిలు, ఖాళీ డబ్బాలు ఉండేవి. అవి తీసి దొడ్డమ్మ మడత మంచం వేశాం. లేచి కూర్చుంటే తలకి మెట్టు తగిలేది. బియ్యం బస్తాలు నేనే భుజాన వేసుకుని చల్లగదిలో చేర్చాను. జాడీలు, బెల్లం, చింతపండు అన్నీ పాత బల్లల మీదకి ఎక్కాయి. ఆ సాయంత్రమే నా గదిలో బల్ల వేసుకున్నాను.

డబ్బాలో బియ్యం అయిపోయేదాకా దొడ్డమ్మ వరండాలో వండుకుంది. రోజుకొక పూటే వండుకోవడం మొదలెట్టింది. అయినా శ్రావణం దాటలేదు. అయిపోయిన రోజు పొయ్యి వెలగలేదు. అమ్మ వెళ్లి పిలిచింది, "రండక్కా, ఇల్లు వేరా మనది," అని. మా వంటింట్లో పీట వేసింది. పక్కింటివాళ్ళు ఉన్నప్పుడు అమ్మ గొంతు కొంచెం పైకి లేచేది.

"ఇంకొంచెం వెయ్యనా అక్కా? మొహమాటపడకండి. మన ఇంట్లో అన్నానికి లోటా?"

దొడ్డమ్మ చెయ్యి అడ్డం పెట్టేది. అమ్మ ఆ చేతి మీంచే వడ్డించేది.

ఆ మరుసటి ఏడు పంట వచ్చినప్పుడు తమ్ముళ్ళు కబురు చేశారు. పెట్టుకోవడానికి చోటు లేదని అమ్మ చెప్పించింది. గింజలు కళ్ళంలోనే అమ్మేయమని కూడా చెప్పించింది. మళ్ళీ మా ఇంటికి ఆవిడ బస్తాలు రాలేదు. వచ్చినవాళ్ళకి దొడ్డమ్మ ఆ పాత మాట చెప్పడం మానేసింది. ఎవరైనా పలకరిస్తే, "ఆఁ, ఇక్కడే ఉంటున్నానండి," అనేది.

పేపరు చదవమని నన్నెప్పుడూ అడగలేదు. నేనే ఒకసారి, కొన్నాళ్ళకి, "చదవనా దొడ్డమ్మా?" అన్నాను.

"వద్దు నాయనా," అంది. "నువ్వు చదివితే నాకు ఏది ఉందో తెలుస్తుంది. నువ్వు ఏది వదిలేశావో తెలీదు కదా."

కోపంగా అనలేదు. అదే నాకు కష్టమనిపించింది. కోప్పడి ఉంటే నేను ఏదో ఒక సమాధానం తయారుచేసుకునేవాణ్ణి.

వేసవి మళ్ళీ వచ్చింది. మెట్ల కింద, పగలంతా ఎండ తాగిన సిమెంటు మధ్య, మధ్యాహ్నాలు మనిషి ఉండలేదు. దొడ్డమ్మ భోజనం కాగానే ఒక చిన్న చాప తీసుకుని చల్లగది తూర్పు గోడ వైపు వెళ్ళేది. చూరు కింద నీడ ఉండేది. బయటి నుంచి ఆ మట్టిగోడకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని, సాయంత్రం దాకా అలా కూర్చునేది. కొన్నిసార్లు చెంప కూడా ఆనించి కళ్ళు మూసుకునేది. దారిన పోయేవాళ్ళు అడిగేవాళ్ళు.

"ఏంటండీ, గోడ పట్టుకు కూర్చున్నారు?"

"ఇది చల్లగా ఉంటుందమ్మా," అనేది.

ఒకరోజు వెనకింటావిడ అది చూసి, "పాపం పెద్దావిడ బయట కూర్చుంటున్నారేంటండీ?" అని అమ్మని అడిగింది. అమ్మ ఏదో చెప్పి నవ్వేసింది. ఆ మర్నాడు పొద్దున నన్ను పిలిచింది.

"వానలొచ్చేలా ఉన్నాయి. కొబ్బరి మట్టలు పెరట్లో తడిసిపోతాయి. డాబాకి చూరు లేదాయె. చల్లగది చూరు కింద పేర్చెయ్యి."

"ఏ వైపు?"

"తూర్పు వైపు. ఆ గోడ ఖాళీగానే ఉంది కదా."

ఆకాశంలో మబ్బు లేదు. మట్టలు మోసుకొచ్చి పేర్చడం మొదలెట్టాను. గోడ సగం మూసుకుపోయేసరికి భోజనాల వేళ దాటింది. దొడ్డమ్మ చాప పట్టుకుని వచ్చింది. చూసింది. చాప చుట్టి పక్కన పెట్టింది. చేతులు ఖాళీ అయ్యాక వంగి, కింద పడి ఉన్న మట్టల మోపు ఒకటి ఎత్తి, పైన పెట్టమని నాకు అందించింది.

నేను అందుకుని పైన పెట్టాను.